ఇంకా మెత్తబడలేదు

మా భద్రమ్మత్తయ్యకు మనుషులు కనపడరు, వాళ్ళ ఒంటిమీది బట్టలే కనపడతాయి. ఎవరొచ్చి ఎదురుగా నిలబడ్డా ముందు వాళ్ళ కండువా కొస పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తుంది. "ఇది ఎన్నాళ్ళ నాటిదండీ?" అని అడుగుతుంది. కొత్తదని తేలితే ఆవిడకు ఆసక్తి పోతుంది. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఇంట్లో అందరూ బాగున్నారా అని మర్యాదకు ఒక మాట అంటుంది. పాతదని తేలిందా, ఇక మర్యాదలకు తావు లేదు. "మా మనవడికి కావాలి, ఇచ్చెయ్యండి" అంటుంది.

మనవడంటే నా కొడుకు. ఆవిడ ఈ దోపిడీ మొదలుపెట్టిన నాటికి నాకు కొడుకు మాట దేవుడెరుగు, పెళ్ళే కాలేదు.

ఈ సంగతులు చల్లగా, నవ్వుతూ రాద్దామనే కూచున్నాను. కాని తలుచుకుంటుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. మాది బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల కొట్టు. ముందు భాగం కొట్టు, వెనక భాగం ఇల్లు. మంగళగిరి పంచెలు, చీరాల కండువాలు కావాలంటే పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు జట్కాలు కట్టించుకుని మా కొట్టుకే వచ్చేవాళ్ళు. నేను గద్దెమీద కూచుని, "ఒకసారి పట్టుకు చూడండి, దీని నేత చూడండి" అని కొత్త కండువా విప్పుతుంటానా, వెనక తలుపులోంచి మా అత్తయ్య వచ్చి ఆ పెద్దమనిషి భుజంమీదున్న పాత కండువా నలిపి చూస్తుండేది. కొత్త బట్టలమ్ముకు బతికే ఇంట్లో పాత గుడ్డలడుక్కునే మనిషి ఉంటే ఆ యజమాని తలెక్కడ పెట్టుకోవాలి? మీరే చెప్పండి.

అత్తయ్య మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే మామయ్య పోతే పుట్టిల్లు చేరింది. ఆవిడకు పిల్లల్లేరు. మా అమ్మ నన్ను కన్న కొద్దిరోజులకే పోవటంతో నన్ను పెంచే పని ఆవిడ మీద పడింది. పెంచింది, కాదనను. కాని ఆ పెంపకం గురించి ఆవిడ నలుగురిలో చెప్పే తీరుంది చూశారూ, అది నేను క్షమించలేను. "మా సాంబడి ఒళ్ళు ఒక్కనాడన్నా కందితే ఒట్టు. తొడలు, పిర్రలు వెన్నముద్దల్లా ఉండేవి. ఎందువల్లంటారు? అంతా గుడ్డలో ఉందండీ" అని ఆరంభించేది. సాంబడనే ఈ సాంబమూర్తి అప్పటికి మీసాలొచ్చి, గద్దెమీద గజంబద్ద పట్టుకుని కూచునుండేవాడు. బేరానికొచ్చినవాళ్ళు నా మొహం కేసీ, ఆ తరవాత నేను కూచున్న చోటుకేసీ చూసి నవ్వుకునేవాళ్ళు.

పురిటిబిడ్డ ఒంటికి కొత్తగుడ్డ తగలకూడదని మనవైపు ఆచారం. వయసు చెల్లిన పెద్దవాళ్ళు కట్టి విడిచిన పంచెలోనో, చీరలోనో బిడ్డను చుడతారు. వాళ్ళ ఆయుష్షు బిడ్డకు వస్తుందని అందరూ అనుకుంటారు. మా అత్తయ్య మాత్రం ఆ ఆయుష్షు సంగతి దేవుడు చూసుకుంటాడనేది. ఆవిడ పట్టింపంతా తుడుపుగుడ్డల మీదే. పాలు కక్కిన మూతి తుడవాలి, చొంగ తుడవాలి, తడిసిన తొడలు తుడవాలి, ఇంకా తుడవవలసినవన్నీ తుడవాలి. బిడ్డ ఒంటికి రోజంతా తగిలేది తల్లి చెయ్యి తరవాత ఆ గుడ్డేనట. అది గరుకైతే ఒళ్ళు కందుతుంది, కందితే బిడ్డ ఏడుస్తుంది, బిడ్డ ఏడిస్తే తల్లికి నిద్ర లేక పాలు తగ్గుతాయి. లోకంలో ఉన్న సకల కష్టాలనూ ఆవిడ అలా ఒక గరుకు గుడ్డ దాకా తీసుకొచ్చి ఆపేది.

"నేసిన రోజున గుడ్డకు పొగరుంటుందిరా సాంబా" అనేది. "కట్టి, ఉతికి, ఆరేసి, మళ్ళీ కట్టి, మళ్ళీ ఉతికి, ఆ పొగరు దింపాలి. దిగాక గాని బిడ్డ దగ్గరికి పోనివ్వకూడదు."

పొగరు దిగిందో లేదో తేల్చటానికి ఆవిడకు ఒక పరీక్ష ఉండేది. గుడ్డను కనురెప్ప మీద రాసుకునేది. చేతివేళ్ళు పనులు చేసి మొద్దుబారి ఉంటాయి కాబట్టి వాటి మాట నమ్మకూడదట. కనురెప్ప ఒప్పుకుంటే బిడ్డ ఒళ్ళు ఒప్పుకుంటుందట. ఆ తరవాత ఒక నీటిచుక్క దానిమీద వేసేది. చుక్క నిలబడితే ఆ గుడ్డకు ఇంకా గంజి పోలేదని అవతల పారేసేది, వెంటనే ఇంకితే మెచ్చుకునేది. రంగు గుడ్డ పనికిరాదు. అంచు పనికిరాదు. కత్తెర పెట్టి కొయ్యకూడదు, చేత్తో చింపాలి. కుట్టు అసలే కూడదు, మడిచి కుట్టిన చోటు బిడ్డ ఒంటికి ముల్లులా తగులుతుందట. ఈ శాస్త్రాన్ని ఆవిడ మా ఇంటిలోపల తనలో తాను చెప్పుకుంటే నాకేమీ పేచీ లేదు. ప్లీడరు రామకోటేశ్వరరావుగారి భుజంమీద కండువా ఉండగానే, ఆయన దాన్ని తియ్యకుండానే, మునివేళ్ళమీద లేచి ఆ కొసను కనురెప్పకు రాసుకుంటే నాకు పేచీ ఉండదా?

ఆ ప్లీడరుగారి సంగతి వచ్చింది కనక దాన్ని కూడా చెప్పేస్తాను. అత్తయ్య గుడ్డలు రెండు రకాలు. చదరంగా చింపినవి మూతిగుడ్డలు, పొడుగ్గా చింపినవి ముడ్డిగుడ్డలు. మాట మోటుగా ఉంది, నాకు తెలుసు. ఆ మాట మార్చమని ఎన్నోసార్లు మొత్తుకున్నాను. "బిడ్డకున్నదాన్నే కదురా అన్నాను" అనేది. ఒకదాని బదులు ఇంకొకటి వాడటం ఆవిడ దృష్టిలో మహాపాపం. ఒకరోజు ప్లీడరుగారు ఎండనపడి వచ్చి, కాళ్ళూ మొహమూ కడుక్కుంటానన్నారు. చెంబుతో నీళ్ళిచ్చి, తీగమీద ఆరుతున్నదేదో లాగి తువ్వాలుగా ఇచ్చాను. ఆయన మొహం తుడుచుకుంటూ, "సాంబమూర్తీ, ఎంత మెత్తగా ఉందయ్యా. ఇదే రకం నాకు ఒక డజను కట్టించు" అన్నారు. సరిగ్గా అప్పుడే వెనక వాకిట్లోంచి అత్తయ్య కేక వినబడింది.

"పొడుగుది మూతికి కాదండీ ప్లీడరుగారూ."

ఆయనకు అర్థం కాలేదు. అత్తయ్య బయటికి వచ్చి ఓపిగ్గా వివరించింది. ఆయన మళ్ళీ మొహం కడుక్కుని, చాలాసేపు కడుక్కుని, ఆ రోజు ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు. బిడ్డే పుట్టని ఇంట్లో ఆ గుడ్డ ఒక్కనాడన్నా వాడింది కాదనీ, అది ఆయన ఇచ్చిన పాత కండువాలోని ముక్కేననీ నేను చెప్పబోయాను. ఆయన వినిపించుకుంటేనా?

ఇక ఉతుకుడు. చాకలికి వేస్తే సోడాలో ఉడకేస్తాడని, సోడా పెట్టిన గుడ్డ బిడ్డను కొరుకుతుందని ఆవిడ భయం. అంచేత తనే ఉతికేది. ముందు చన్నీళ్ళలో నానెయ్యాలి, మరక ఉన్న గుడ్డను ముందే వేణ్ణీళ్ళలో వేస్తే ఆ మరక ఇంక జన్మలో పోదు. తరవాత పలచటి కుంకుడు రసం. ఆ తరవాత గుండిగలో మరిగించటం. పిండేటప్పుడు మెలిపెట్టకూడదు, రెండరచేతుల మధ్య నొక్కాలి. మెలిపెడితే పోగు తెగి నూగు లేస్తుందట. అన్నిటికన్నా ముఖ్యం ఎండ. నీడలో ఆరిన గుడ్డ బిడ్డకు తగలరాదు. మా పెరట్లో ఎండ రాదు. ఎండంతా వీధివైపు, మా కొట్టు బోర్డు మీద పడుతుంది. అంచేత ఆవిడ మా బోర్డునుంచి ఎదురుగా ఉన్న దీపస్తంభానికి తాడు కట్టి ఆ తాడుమీద చదరాలూ పొడుగులూ బారులుగా ఆరేసేది. మా నాన్న ముచ్చటపడి రాయించిన బోర్డు, ఆ గుడ్డల వెనక మధ్యాహ్నం దాకా కనపడేది కాదు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు మాది పురిటాసుపత్రి అనుకుని లోపలికొచ్చేవాళ్ళు.

నా పెళ్ళి జరిగింది. అప్పటికి నాన్న పోయారు. రాజ్యలక్ష్మి నాకు నచ్చింది, ఆ పెళ్ళిలో నాకు పెట్టిన పంచె కూడా నచ్చింది. సన్ననూలు పంచె, ఉంగరంలోంచి దూరుతుంది. బట్టలవాణ్ణి కదా, అలాంటిది మళ్ళీ దొరకదని పట్టుకోగానే తెలిసింది. పీటలమీద కూచుని నేను మంత్రాలు చెబుతుంటే వెనకనుంచి ఎవరో పంచె కొంగు లాగుతున్నట్టయింది. తిరిగి చూడనక్కర్లేదు. "దీనికింకా పొగరు పోలేదు. ఉండనీ" అన్న మాట నాకూ వినబడింది, పక్కన తలవంచుకు కూచున్న పెళ్ళికూతురికీ వినబడింది. పొగరు ఎవరికో తెలియక ఆ పిల్ల బెదిరిపోయిందని తరవాత చెప్పింది.

ఆనాటినుంచీ ఆ పంచెను ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఊళ్ళో ఇనప్పెట్టెలో నగలు పెడతారు. నేను పంచె పెట్టాను. ఏ పండక్కో పబ్బానికో తీసి కట్టుకునేవాణ్ణి. కట్టిన ప్రతిసారీ అత్తయ్య దాని కొస నలిపి చూసి, ఇంకా కాలేదన్నట్టు తల ఊపి వెళ్ళిపోయేది.

ఇంతలో యుద్ధం ముదిరింది. బట్టకు కంట్రోలొచ్చింది. కొట్లో బీరువాలు వెలవెలబోయాయి. కోటా ప్రకారం వచ్చిన ముతక మార్కీను గుడ్డ కోసం జనం బారులు తీరేవాళ్ళు. పెద్దింటివాళ్ళు కూడా మాసికలు వేసుకు తిరగసాగారు. పట్టుమని ఒక్క పాత పంచె విడిచేవాడు లేడు. అత్తయ్య మాత్రం తన దోపిడీ ఆపలేదు, ఇంకా పెంచింది. నా పంచెలు, పైగుడ్డలు, దుప్పట్లు ఒకటొకటే మాయమయ్యేవి. అడిగితే, "నీ కొడుక్కేగా" అనేది.

సరే, నా కొడుక్కే. ఆ ఒక్క మాటమీద ఊరుకున్నాను. ఎంత నవ్వులపాలైనా, రేపు నాకు బిడ్డ పుట్టిన నాడు ఆ పసిఒంటికి గరుకుగుడ్డ తగలదు కదా అని సరిపెట్టుకున్నాను. ఆ కరువులో ఎంత డబ్బు పోసినా కొనలేని మెత్తటి గుడ్డలు మా పెట్టెలో ఉన్నాయి కదా అనుకున్నాను. అవి పెట్టెలో ఉండటం లేదన్న సంగతి తరవాత తెలిసింది.

పటమట దారిలో నేతగాళ్ళ పాకలుండేవి. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. వాళ్ళు నేసిన పంచెలే మా నాన్న కాలంనుంచీ మా కొట్లో అమ్మేవాళ్ళం. అక్కడ శివపార్వతి అనే ఆమెకు కాన్పయిందని, బిడ్డను గోనెపట్టా మీద పడుకోబెట్టారని విని నాకు జాలేసింది. కొట్లో మిగిలిన ముక్కలు కొన్ని మూటగట్టి స్వయంగా తీసుకెళ్ళాను. శివపార్వతి పాక వాకిట్లో నిలబడి ఆ మూట విప్పనైనా విప్పలేదు.

"మేం నేసింది మీరమ్ముకున్నారు, బాగానే ఉంది. మేం నేసినదాన్నే మాకు దానం చేస్తారా సాంబమూర్తిగారూ?" అంది. "నూలిప్పిస్తే నేసుకుంటాం. గుడ్డలడుక్కునేవాళ్ళం కాదండి."

మూట తిరిగి మోసుకొచ్చాను. మంచికి పోతే ఇలా జరిగిందని ఇంటికొచ్చి గొంతు చించుకున్నాను. రాజ్యలక్ష్మి మజ్జిగిచ్చింది. అత్తయ్య నా మూట విప్పి, ముక్కలు ఒకటొకటి నలిపి చూసి, "గంజి" అని మాత్రం అని వాటిని గుండిగలో పడేసింది.

ఆ తరవాతనుంచే మా వెనకగుమ్మంలోంచి మధ్యాహ్నంపూట మూటలు పోవటం మొదలైంది. అత్తయ్య తనే చంకన పెట్టుకుని జట్కా ఎక్కేది. ఎక్కడికంటే, "మెత్తబడటానికి వెళ్తున్నాయి" అనేది. గుడ్డలు మెత్తబడటానికి ఎక్కడికన్నా వెళ్తాయా? అవేమన్నా మన్యం జ్వరం తగిలిన చుట్టాలా, గాలి మార్పుకు వెళ్ళటానికి? ఎవరో ఈవిణ్ణి మోసం చేసి గుడ్డలు కాజేస్తున్నారని నాకు గట్టి అనుమానం. అడిగేకొద్దీ ఆవిడ ఇంకా బిగుసుకునేది.

నాకే కాదు, ఊళ్ళో ఇంకెవరికో కూడా అనుమానం వచ్చింది. ఫలానా కొట్టు వెనకనుంచి బట్టల మూటలు దొంగతనంగా పోతున్నాయని ఆకాశరామన్న అర్జీ పెట్టాడు. ఒకనాడు కంట్రోలు ఇనస్పెక్టరు బంట్రోతును వెంటబెట్టుకుని దిగాడు. ఒంటిమీద కోటు, నెత్తిన తెల్లటి తలపాగా. నా లైసెన్సు పోయిందనే అనుకున్నాను. ఆయన తిన్నగా వెనక గదిలోకి పోయి, అత్తయ్య భోషాణం చూపించి అందులో ఏముందన్నాడు.

"మా మనవడి సామాను."

"మనవడెక్కడ?"

"ఇంకా పుట్టలేదండి."

భోషాణం తెరిపించాడు. అడుగున నాలుగు చదరాలూ పొడుగులూ తప్ప ఏమీ లేవు. మిగతా సరుకేదని గద్దించాడు. మెత్తబడటానికి వెళ్ళిందని అత్తయ్య చెప్పింది. ఇదేదో దొంగవ్యాపారంలో వాడే మారుమాటని ఆయన బంట్రోతు వంక చూసి కళ్ళెగరేశాడు. అత్తయ్య మాత్రం ఆయన తలకేసే చూస్తోంది. ఇదేమిటి చెప్మా అనుకునేలోపల ముక్కాలిపీట ఎక్కి ఆయన తలపాగా కొస పట్టుకుని నలిపింది.

"సన్నటి మల్లుగుడ్డ. బాగా నలిగింది" అంది. "మీ ఇంట్లో పసివాళ్ళున్నారా అండీ?"

పెద్దమ్మాయి పురిటికి వచ్చి ఉందని ఆయన అప్రయత్నంగా చెప్పేశాడు. తుడవటానికేం వాడుతున్నారని అడిగింది. మిల్లు తువ్వాలన్నాడు. అత్తయ్యకు నిజంగా కోపం వచ్చింది. నెత్తిన ఇంత మెత్తటి గుడ్డ చుట్టుకుని తిరుగుతూ మనవణ్ణి మిల్లు తువ్వాలుతో తోముతారా అని ప్రభుత్వోద్యోగిని పట్టుకుని నిలదీసింది. బిడ్డ ఒళ్ళు కందిందా లేదా అంది. కందిందని ఆయన తల వంచుకున్నాడు. ఆ తరవాత గదిలోంచి నాకు వినబడిందంతా చన్నీళ్ళు, కుంకుళ్ళు, ఎండ. చాలాసేపటికి ఇనస్పెక్టరు బోడితలతో బయటికొచ్చాడు. తలపాగా మడిచి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వెనక్కు తిరిగి, "పొడుగువి మూతికి కాదు, అంతేకదమ్మా?" అని ఖాయం చేసుకుని వెళ్ళాడు. అర్జీ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రాజ్యలక్ష్మికి నెలలు నిండాయి. ఆమెకు తల్లి లేదు. పుట్టింట్లో చూసే దిక్కు లేదని అత్తయ్య పట్టుబట్టి పురుడు మా ఇంట్లోనే పోస్తానంది. నర్సమ్మ అమలమ్మ ముందునుంచీ వచ్చి చూసి పోతుండేది. గుణదలవైపునుంచి పటమటదాకా ఆ చుట్టుపక్కల కాన్పులన్నీ ఆవిడ చేతిమీదే జరిగేవి.

ఆ రోజు ప్లీడరుగారింట్లో పెళ్ళి. ఆయనకు నామీద కోపం పోయి శుభలేఖ పంపారు కనక, ఇనప్పెట్టె తీసి పెళ్ళిపంచె కట్టుకుని బయల్దేరబోతున్నాను. లోపల్నుంచి రాజ్యలక్ష్మి మూలుగు వినబడింది. అనుకున్నదానికంటే ముందే నొప్పులొచ్చాయి. అమలమ్మకు కబురు పెట్టాం. పెళ్ళి ముహూర్తం వేళకు మా ఇంట్లో ఆడపిల్ల కేరుమంది.

ఇన్నేళ్ళూ మనవడు మనవడని ఊదరగొట్టిన అత్తయ్య, ఆడపిల్ల అని వినగానే ఏమంటుందోనని చూశాను. "మరీ మంచిది. ఆడపిల్ల ఒళ్ళు ఇంకా మెత్తన" అని భోషాణం తెరిచింది. తెరిచి అలాగే నిలబడింది.

భోషాణం ఖాళీ.

అప్పుడు నేనేమన్నానో అంతా రాయను. ఇన్నేళ్ళ కోపం, నా పంచెలన్నీ, దుప్పట్లన్నీ, దీపస్తంభానికి కట్టిన తాడు, ప్లీడరుగారి మొహం, అన్నీ కలిసి ఒక్కసారిగా బయటికొచ్చాయి. ఊళ్ళోవాళ్ళ కండువాలన్నీ ఊడబెరికావు, నా పిల్ల పుట్టిన నాడు ఇంట్లో ఒక్క పీలిక లేదు అన్నాను. "వెళ్ళినవి వస్తాయిరా. ఇవ్వాళే వస్తుందని నాకేం తెలుసు, పిల్ల తొందరపడింది" అంది ఆవిడ. బిడ్డ లోపల ఏడుస్తూనే ఉంది. అమలమ్మ గుమ్మంలోకొచ్చి గుడ్డ ఏదంది.

కొట్లోకి పరిగెత్తి కోటా మార్కీను గుడ్డ చించుకొచ్చాను. అత్తయ్య దాన్ని కనురెప్ప మీద రాసుకుంది. కంట్లోంచి నీళ్ళు కారాయి, దాన్ని విసిరికొట్టింది. తరవాత ఆవిడ చూపు నా నడుమువైపు తిరిగింది. దగ్గరికొచ్చి కొస పట్టుకుని నలిపింది. వంగి కనురెప్పకు రాసుకుంది.

"దిగిందిరా దీని పొగరు" అంది.

"అత్తయ్యా, ఇది పెళ్ళిపంచె."

"పెళ్ళి దేనికి చేసుకున్నావు?"

తలుపు చాటుకు వెళ్ళి పంచె విప్పి ఇచ్చాను. చర్రున చింపిన చప్పుడు వినబడింది. నా గుండె అలాగే చిరిగింది, ఇది మాత్రం అతిశయోక్తి కాదు. కాని లోపల ఏడుపు ఆగిపోయింది. చుట్టుకోవటానికి నాకు ఆ మార్కీను గుడ్డే మిగిలింది. గంజికి అది బిగుసుకుపోయి ఎటు తిరిగినా నాతో తిరిగేది కాదు. కూచుందామంటే వంగేది కాదు. కనక వసారాలో నిలబడ్డాను.

అమలమ్మ ఇంటికి పోతూ దారిపొడుగునా చెప్పుకుంటూ పోయినట్టుంది. మధ్యాహ్నం తిరిగేసరికి వెనకగుమ్మం దగ్గర ఆడవాళ్ళ గొంతులు వినబడ్డాయి. ముందు శివపార్వతి వచ్చింది, నా మూట తిప్పికొట్టిన శివపార్వతే. ఆమె వెనక నేతపాకల్లోంచి ఇంకొందరు, గుణదలనుంచి రైల్వే కలాసీ శౌరయ్య భార్య మార్త. ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కొక్క మూట. విప్పి వసారాలో పెట్టారు. అన్నీ చదరాలూ పొడుగులే. తెల్లగా ఉతికి, ఎండనిచ్చి, పొందికగా మడత పెట్టినవి. నా దుప్పటి ఒకచోట, ప్లీడరుగారి కండువా ఒకచోట నాకు ఆనవాలు తెలిశాయి.

"మెత్తబరిచి తెచ్చాం పెద్దమ్మగారూ, చూసుకోండి" అంది శివపార్వతి. తరవాత నాతో, కాస్త గర్వంగానే చెప్పింది. "ఎన్నిసార్లుతికినా మీ ఇంట్లో ఇవి మెత్తబడటం లేదంటగా అండీ. పసిబిడ్డ ఒళ్ళు తగిల్తేగాని గుడ్డ లొంగదు, మీ పిల్లలకు వాడి నా మనవడికోసం మెత్తబరిచి పెట్టమని పెద్దమ్మగారు మా గుమ్మంలో కూచుని ఒకటే బతిమాలింది. ముసలావిడ అంతగా అడిగితే కాదనలేం కదండీ. మా చంటాడి చేతా, మా తోడికోడలి పిల్ల చేతా అందరి చేతా పని చేయించాం."

మార్త కూడా తలూపింది. "మాటిమాటికీ ఇంకా కాలేదని తిప్పి పంపేదండీ. మా పిల్ల నడిచేదాకా తిప్పింది" అంది.

నేను ఒక చదరం చేతిలోకి తీసుకున్నాను. నేను బట్టలవాణ్ణి. గుడ్డ పట్టుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలను. ఇది ప్లీడరుగారి భుజంమీదున్ననాడే వెన్నలా ఉంది. కనురెప్ప పరీక్ష నెగ్గనిదే అత్తయ్య దేన్నీ చింపనేలేదు. చింపినదాన్ని గుండిగలో మరిగించి, ఎండబెట్టి, ఇక మెత్తబడటానికి ఏమీ మిగలని గుడ్డల్నే ఆవిడ చంకన పెట్టుకుని జట్కా ఎక్కింది. నేను మూటతో వెళ్ళి నిలబడ్డ గుమ్మంలోనే ఆవిడ చాకిరీ కావాలని వెళ్ళి కూచుంది. దానం చేస్తానన్నవాణ్ణి తిప్పికొట్టిన ఇల్లు, సాయం చేసిపెట్టమన్నావిడను కూచోబెట్టి తాంబూలమిచ్చి పంపింది. అబద్ధాలకోరు, పచ్చి అబద్ధాలకోరు. ఇంత కథ నడిపిన మనిషి ఇంట్లో నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నాకు కోపమొచ్చింది.

"శివపార్వతీ, ఇవి మెత్తబడకపోవటమేమిటి? ఇవి ముందునించీ..." అని నోరు తెరిచాను.

అత్తయ్య నా చేతిలో ఇంకో చదరం కుక్కింది. "మూతి తుడుచుకోరా సాంబా" అంది, నా కళ్ళలోకి తేరిపార చూస్తూ.

నా మూతికి ఏమీ అంటుకోలేదు. అయినా తుడుచుకున్నాను. గట్టిగా, రెండుసార్లు తుడుచుకున్నాను. గదిలోంచి రాజ్యలక్ష్మి నవ్వటం వినబడింది. ఆమెకు ముందే తెలుసని అప్పుడు నాకర్థమై ఒళ్ళు ఇంకాస్త మండింది.

అత్తయ్య పీట వేసుకు కూచుని మూటలన్నీ పరీక్ష చెయ్యటం మొదలుపెట్టింది. ఒకటొకటే కనురెప్పకు రాసుకోవటం, కొన్ని ఒళ్ళో వేసుకోవటం, కొన్ని మూతి విరిచి పక్కన పడెయ్యటం. పక్కన పడ్డవే ఎక్కువ. అవన్నీ కలిపి, మా పిల్లకు చుట్టగా మిగిలిన నా పెళ్ళిపంచె సగం చెరగును కూడా చింపి వాటిలో పడేసి, మూటగట్టి శివపార్వతి ముందుకు తోసింది.

"ఇవి ఇంకా మెత్తబడలేదే పార్వతీ. మీ ఆడపడుచుకు నెలలు నిండాయన్నావుగా. ఆ అమ్మాయిచేత ఇంకొంచెం శ్రమ చేయించు."

"మీతో మహా కష్టం పెద్దమ్మగారూ" అని విసుక్కుంటూ శివపార్వతి ఆ మూట చంకన పెట్టుకుంది. పని ఒప్పుకున్న మనిషి దర్జాతోనే గుమ్మం దిగింది. నా పంచె ఆ మూటలో పోతుంటే నేను మార్కీనులో బిగుసుకుని నిలబడి చూశాను.

ఆడవాళ్ళందరూ వెళ్ళాక అత్తయ్య లేచి లోపలికి పోతూ నా దగ్గర ఆగింది. నన్ను చూడటానికి కాదు, నన్ను చూస్తే ఆవిడ భద్రమ్మ ఎలా అవుతుంది? నేను చుట్టుకున్న మార్కీను కొస పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది.

"దీన్ని రోజూ కట్టు. రోజూ ఉతికించు" అంది. "రెండో బిడ్డ నాటికి అందుకుంటుంది."

కట్టాను. ఏం చేస్తాను మరి? కట్టుకున్న ప్రతిరోజూ తిట్టుకుంటూనే కట్టాను.